గూడ్సు బండి వెంట

రైల్వే గేటు పడినది. రోడ్డుకు ఇరువైపుల లారీలు, ఆటోలు, సైకిళ్లు బారులు తీరినవి. వచ్చుచున్నది గూడ్సు బండి యని తెలియగానే నిలిచినవారి ముఖములు చిన్నబోయినవి. మెయిలు బండియైనచో రెప్పపాటులో పోవును. ఈ గూడ్సు ఎప్పటికి తెమలవలెను? గడియారము చూచుకొనువారు కొందరు, తమ విసుగంతయు హారను మీద తీర్చుకొనువారు కొందరు. తల్లి వ్రేలు పట్టుకొని నిలిచిన ఏడెనిమిదేండ్ల బాలుడొక్కడు మాత్రము కమ్మీకి గడ్డము ఆనించి పెట్టెలు లెక్కపెట్టుచున్నాడు. నలుబదియారు, నలుబదియేడు, నలుబదియెనిమిది... కడపటి పెట్టె దాటినది, గేటు లేచినది. పెద్దలు ఎవరి త్రోవను వారు పోయిరి. బాలుడు మాత్రము వెనుకకు తిరిగి, బండి పోయిన దిక్కునే చూచుచు నడచెను.

ఇట్టి బాలుడు ప్రతి యూరను ఉండును. పెరిగి పెద్దవాడై, ఉద్యోగమున కుదురుకొని, సంసారపు లెక్కలలో పడి, ఈ లెక్క మరచిపోవును. కాని మరచిపోనివారును కొందరు కలరు. వయస్సు నలుబదియైనను, అరువదియైనను వారికి గేటు పడుట విసుగు కాదు, వేడుక. సెలవుదినమున కెమేరా భుజమునకు తగిలించుకొని, ఒక గూడ్సు బండిని వెదకికొనుచు ఊరు విడిచి పోవుటయే వారికి విశ్రాంతి. ఈ వ్యాసంగము అనేక దేశములందు కలదు గాని, ఇది మిక్కిలిగా వేరూని విస్తరించిన తావులలో అమెరికా ముఖ్యమైనది.

ఇందుకు కారణము ఆ దేశపు రైళ్లలోనే యున్నది. అమెరికాలో రైలు మార్గములు చాలవరకు సరకులను రవాణా చేయు ప్రైవేటు కంపెనీలవి. మోటారు కార్లు, విమానములు ప్రబలిన పిమ్మట ప్రయాణికుల బండ్లు క్రమముగా క్షీణించెను. 1971లో ఆమ్‌ట్రాక్ అను సంస్థ ఏర్పడి, మిగిలిన దూరప్రయాణపు బండ్లలో చాలవాటిని తన చేతిలోనికి తీసికొనెను. పెద్ద నగరముల పరిసరములను విడిచినచో, నేడు ఆ దేశపు పట్టాల మీద ప్రధానముగా కనబడునది గూడ్సు బండియే. అదియు చిన్నది కాదు. ఒక మైలు పొడవు సర్వసాధారణము. రెండు మైళ్లను మించినవియు కలవు. బొగ్గు, గోధుమలు, మొక్కజొన్న, నూనె, కలప, కొత్త మోటారు కార్లు, ఓడల నుండి దిగిన ఇనుప కంటెయినర్లు—దేశము తిను తిండియు, వాడు వస్తువును దాని మీదుగానే సాగిపోవుచుండును.

ప్రయాణికుల బండికి కాలపట్టిక కలదు, వేచియుండువారు కలరు, సాగనంపువారు కలరు. గూడ్సు బండికి ఇవి యేవియు లేవు. అది ఎప్పుడు వచ్చునో ప్రజలకు తెలుపు అచ్చు కాగితము లేదు. సరకు సిద్ధమైనపుడు బయలుదేరును. త్రోవ దొరకినపుడు కదలును. పై అధికారము గల బండి వచ్చినచో ప్రక్క లైనులో ఒదిగి నిలుచును. అందువలన దానిని చూడగోరువాడు నేర్చుకొనవలసిన మొదటి విద్య కాచుకొని యుండుట. ఫొటో తీయుట ఆ తరువాతి విద్య.

వెంటాడుట యనగా పట్టాల వెంబడి పరుగెత్తుట కాదు. బరువైన గూడ్సు బండి కొండ యెక్కునపుడు దాని వేగము మిక్కిలి తగ్గిపోవును. ప్రక్కనే మోటారు దారి యుండును. ఒక మలుపు వద్ద నిలిచి, బండి రాగానే ఫొటో తీసి, కారెక్కి, దానిని దాటిపోయి, ముందున్న వంతెన వద్దనో సొరంగపు నోటి వద్దనో మరల దాని కొరకు కాచుకొనవచ్చును. ఒకే బండిని ఒక పూటలో నాలుగైదు తావుల యందు ఇట్లు పట్టుకొనుటయే ఈ వేట. వేటాడబడుదానికి ఇందు హాని లేదు. తనను ఎవరో వెంబడించుచున్నారన్న ఎరుక కూడ దానికి లేదు.

ఈ వేటగాండ్ర చేత కెమేరాతోపాటు ఒక చిన్న రేడియో కూడ ఉండును. డ్రైవర్లును, బండ్ల రాకపోకలను నడపు అధికారులును మాటలాడుకొనునది అందులో వినబడును. అంతకంటె వింతయైనది మరియొకటి కలదు. అమెరికా రైలు మార్గముల ప్రక్కన అక్కడక్కడ కొన్ని యంత్రములు అమర్చబడియున్నవి. బండి దాటిపోవుచుండగా చక్రముల ఇరుసులు వేడెక్కినవా, ఏ పెట్టె నుండియైన ఏదైన వ్రేలాడుచున్నదా యని అవి పరీక్షించును. పిమ్మట ఇన్ని ఇరుసులు దాటినవి, లోపము లేదు అని రేడియోలో యంత్రకంఠముతో పలుకును. చుట్టును నిర్జనమైన కొండ. గాలి తప్ప మరియొక చప్పుడు లేదు. అట్టిచోట ఆ యంత్రము గొంతు విప్పినదనగా ఏదో బండి కొన్ని మైళ్ల దూరమునకు వచ్చినదన్నమాట. అప్పటివరకు కునుకుచున్న మనుష్యుడు దిగ్గున లేచి కెమేరా అందుకొనును.

ఇట్టివారు తప్పక చూడగోరు తావు కాలిఫోర్నియా రాష్ట్రమున నొకటి కలదు. దాని పేరు టెహాచపీ. బేకర్స్‌ఫీల్డ్ వద్ద పంటభూములు గల పల్లపు ప్రదేశము నుండి మొహావీ ఎడారికి పోవలెనన్నచో నడుమ ఈ పర్వతములను దాటవలెను. ఉత్తరమున శాన్ ఫ్రాన్సిస్కోను, దక్షిణమున లాస్ ఏంజెల్స్‌ను పట్టాలతో కలుపదలచిన సదరన్ పసిఫిక్ కంపెనీ 1870లలో ఈ కొండల మీదికి మార్గము వేయించెను. పార, గునపము, గుర్రపు బండి, మందుగుండు—నాటి సాధనములివి. కొండను తొలిచిన చేతులలో అధికభాగము చైనా దేశమునుండి వచ్చిన కూలీలవి. 1876లో ఆ మార్గము పూర్తియయ్యెను.

రైలు ఏటవాలును అంత సులభముగా ఎక్కలేదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రము దొర్లునపుడు ఒరపిడి స్వల్పము. ఆ గుణము వలననే ఇంజను అంత బరువును లాగగలుగుచున్నది. ఆ గుణము వలననే నిట్రముగా ఎక్కలేక జారిపోవుచున్నది. టెహాచపీ మార్గమున ఏటవాలు రమారమి నూరడుగులకు రెండడుగులు. ఒకచోట ఆ మాత్రపు వాలు నిలుపుకొనుచు పైకి పోవుటకు చాలినంత నేల లేకపోయెను. ఇంజనీర్లు అప్పుడొక ఉపాయము పన్నిరి. మార్గమును ఒక గుట్ట చుట్టును ప్రదక్షిణముగా త్రిప్పి, మరల అదే మార్గము మీదుగా పోనిచ్చిరి. క్రింద సొరంగములో దూరిన పట్టాలు గుట్టను చుట్టి వచ్చి ఆ సొరంగము మీదుగానే దాటిపోవును. ఈ చుట్టు పొడవు 3,779 అడుగులు. ఒక్క చుట్టులో బండి 77 అడుగుల ఎత్తునకు చేరును. నాలుగువేల అడుగులకు మించిన బండి వచ్చినపుడు దాని ఇంజను పైన పోవుచుండగా దాని తోక ఇంకను క్రింద సొరంగములో దూరుచుండును. పాము తన తోకను తానే దాటుచున్నట్లుండు ఆ దృశ్యము కొరకు జనులు దూరదేశముల నుండి వచ్చుచుందురు.

1971 నుండి ఈ కొండ మీదుగా క్రమముగా నడచు ప్రయాణికుల బండి లేదు. తీరపు మార్గము మూసిపోయినపుడు ఎప్పుడైన ఒకటి ఇటు మళ్లింపబడుటయే గాని, ఇది కేవలము గూడ్సు బండ్ల కొండ. 1996లో సదరన్ పసిఫిక్ కంపెనీ యూనియన్ పసిఫిక్‌లో కలసిపోయెను. మార్గము నేడు యూనియన్ పసిఫిక్‌దే గాని, బి.ఎన్.ఎస్.ఎఫ్. కంపెనీ బండ్లును దీని మీదుగా నడచుచున్నవి. ముందు రెండు మూడు ఇంజనులు, బండి నడుమను, చివరను మరికొన్ని. వెనుకనున్నవాటిని ముందున్న డ్రైవరే రేడియో ద్వారా నడపుచుండును. వానలు కురిసిన పిమ్మట ఆ గుట్టలు పచ్చగా మారును. ఎండలు ముదిరిన కొలది గడ్డి పండి బంగారు వన్నెకు తిరుగును. ఓక్ చెట్ల నీడను కుర్చీ వేసికొని, ఒడిలో కెమేరా, ప్రక్కన నీళ్ల సీసా పెట్టుకొని కూర్చున్నవానికి ముందుగా వినబడునది ఇంజనుల రొద. అది క్రింది లోయ నుండి వచ్చును. బండి కనబడుటకు ఇంకను చాల సేపు పట్టును. రొద దగ్గరగును, కొండ చాటునకు పోయి తగ్గును, మరల హెచ్చును. ఎదురుచూచువాడు ఇందు దేనిని తొందరపెట్టలేడు.

ఈ వ్యాసంగమున గల విశ్రాంతి యంతయు ఇక్కడనే యున్నది. మనుష్యుని దినచర్యలో అన్నియు అతనిని పిలుచునవే, అడుగునవే, తరుమునవే. కార్యాలయమున కాగితము అతని సంతకము కొరకు కాచుకొని యుండును. ఇంట బిల్లు అతని జీతము కొరకు కాచుకొని యుండును. గూడ్సు బండికి అతనితో నిమిత్తము లేదు. అతడు వచ్చినను వచ్చును, రాకున్నను వచ్చును. అతడు ఫొటో తీసినను పోవును, తీయకున్నను పోవును. తనతో పని లేని ఒక మహాకార్యము తన కన్నుల యెదుట జరుగుచుండగా ఊరక చూచుట మనస్సునకు ఎంతటి తేలికయో అనుభవించినవారికే తెలియును. సముద్రపు టొడ్డున కూర్చున్నవాడు అలలను తానే రప్పింపవలెనని భావింపడు. ఇదియు అట్టిదే.

అట్లని ఇది కేవలము సోమరితనమును కాదు. సూర్యుడు ఏ వైపున నుండునో ముందుగా చూచుకొనవలెను. వెలుగు ఇంజను ముఖము మీదను, ప్రక్క మీదను పడు తావున నిలువవలెను. మేఘమొకటి అడ్డువచ్చినచో గంటల నిరీక్షణము వ్యర్థమగును. ఏ మలుపు వద్ద ఉదయము మంచిదో, ఏ వంతెనకు సాయంకాలము తగినదో తెలిసికొనుటకు ఏండ్లు పట్టును. మీట నొక్కుటకు దొరకునది మాత్రము ఒకటి రెండు క్షణములే. అయినను బండి పోయిన తరువాత కెమేరా మూసి, కడపటి పెట్టె మలుపు తిరుగువరకు ఊరక నిలిచి చూచువారే ఎక్కువ. చిన్ననాడు గేటు వద్ద నిలిచి లెక్కపెట్టిన అలవాటు వదలదు కాబోలు!

ఈ వేడుకకు ఆ దేశమున ప్రజాదరణ యేపాటిదో తెలియుటకు రెండు తావులను పేర్కొన్న చాలును. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆల్టూనా పట్టణము దగ్గర గుర్రపు నాడా ఆకారమున తిరిగిన రైలు మలుపు ఒకటి కలదు. 1854లో ప్రారంభమైన ఆ మలుపును 1966లో జాతీయ చారిత్రక చిహ్నముగా గుర్తించిరి. దాని నడుమ బండ్లను చూచుటకే ఒక ఉద్యానమున్నది. ఇల్లినాయిస్ రాష్ట్రమున రషెల్ అను చిన్న పట్టణమున రెండు పెద్ద కంపెనీల మార్గములు ఒకదానినొకటి ఖండించుకొనుచు పోవును. పట్టణమువారు ఆ కూడలి ప్రక్కన 1998లో రైలు ప్రియుల కొరకు ఒక పార్కు నిర్మించిరి. ఇతర పట్టణములు గుళ్లను, జలపాతములను చూపించును. ఈ పట్టణము గూడ్సు బండ్లను చూపించుచున్నది.

అయితే ఈ కాలక్షేపములో తీరికతోపాటు ఒక త్వరయు కలదు. దానిని తెలియుటకు విన్‌స్టన్ లింక్ అను ఛాయాచిత్రకారుని కథ చెప్పవలెను. ఆయన 1914లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో జన్మించెను. చదివినది ఇంజనీరింగు, చేపట్టినది వ్యాపార ప్రకటనలకు ఫొటోలు తీయు వృత్తి. 1955 జనవరిలో ఆయన పని మీద వర్జీనియా రాష్ట్రమునకు పోయెను. పని ముగిసిన పిమ్మట సమీపముననున్న వేన్స్‌బరో స్టేషనునకు రైళ్లు చూడబోయెను. అది నార్ఫోక్ అండ్ వెస్టర్న్ కంపెనీ మార్గము. బొగ్గు గనుల నడుమ నడచు ఆ కంపెనీ తన ఆవిరి ఇంజనులను రోనోక్ పట్టణమున తన సొంత కర్మాగారమునందే చేసికొనుచుండెను. అమెరికాలోని పెద్ద కంపెనీలన్నియు డీజిలునకు మారుచుండగా అది యొక్కటియే ఆవిరిని గట్టిగా పట్టుకొని నిలిచియుండెను. అదియు ఎంతో కాలము నిలువదని లింక్ గ్రహించెను. మరుసటి రాత్రియే మరల వచ్చి మొదటి ఫొటో తీసెను.

అది మొదలు అయిదేండ్లు ఆయన న్యూయార్కు నుండి దాదాపు ఇరువది పర్యాయములు ఆ కొండలకు ప్రయాణము చేసెను. కంపెనీ అనుమతి నిచ్చెను. ఖర్చు మాత్రము ఆయనదే. పగటి సూర్యుడు తాను కోరినచోట నిలువడు గనుక, వెలుగును తానే సృష్టించుకొనదలచి, ఆయన రాత్రులను ఎన్నుకొనెను. పట్టాల ప్రక్కన, ఇండ్ల కప్పుల మీద, చెట్ల చాటున పదుల కొలది ఫ్లాష్ బల్బులను అమర్చి, వాటినన్నింటిని తీగెలతో కలిపి, బండి వచ్చిన క్షణమున ఒక్కసారిగా వెలిగించెడివాడు. ఆ బల్బు ఒక్కసారి వెలిగిన మరల వెలుగదు. పగలంతయు పడిన పాటు ఆ ఒక్క క్షణము మీద ఆధారపడియుండును. గురి తప్పినచో బండి పోవును, బల్బులును పోవును.

ఆయన చిత్రములలో ప్రఖ్యాతమైనది ఒక గూడ్సు బండిదే. 1956 ఆగస్టులో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున అయేగర్ అను చోట, కార్లలో కూర్చుండి సినిమా చూచు ఆరుబయలు ప్రదర్శనశాలలో దానిని తీసెను. ముందు కప్పు లేని కారులో ఒక యువకుడును, ఒక యువతియు. ఎదుట తెర మీద ఒక విమానము. తెర ప్రక్కగా తెల్లని ఆవిరి చిమ్ముచు దూసికొనిపోవుచున్న వేగపు గూడ్సు. ఫ్లాష్ వెలుగునకు తెర మీది బొమ్మ చెదరిపోగా, విమానపు బొమ్మను మరియొక నెగటివు నుండి తరువాత చేర్చవలసివచ్చెను. కారులోని జంట సినిమా తెర వైపునకే తిరిగియున్నది. రైలు వైపు చూచినవాడు కెమేరా వెనుకనున్న మనుష్యుడు.

1960లో ఆ కంపెనీ ఆవిరి ఇంజనులను పూర్తిగా ఆపివేసెను. అప్పటికి లింక్ వద్ద సుమారు 2,400 నెగటివులు చేరియుండెను. వాటికి లోకమున గుర్తింపు వచ్చుటకు ఇంకను ఇరువదేండ్లకు పైగా పట్టినది. 1980లలో ప్రదర్శనశాలలు వాటిని ఆహ్వానించినవి. 1987లో మొదటి పెద్ద సంపుటము వెలువడెను. ఆయన 2001లో మరణించెను. 2004లో రోనోక్ పట్టణమున, అదే కంపెనీ పూర్వపు ప్రయాణికుల స్టేషను భవనమున, ఆయన పేర మ్యూజియము తెరచిరి. ఆయన తొందరపడి ఆ రాత్రులలో పరుగులెత్తకపోయినచో, ఆ ఇంజనులతోపాటు ఆ ఊళ్ల జీవనమును, వాకిట కూర్చున్న ముసలివారును, ఏటిలో ఈదులాడు పిల్లలును, ఎవరికిని కనబడక చీకటిలో కలసిపోయియుండెడివారు.

లింక్ నేర్పిన పాఠము ఆవిరి ఇంజనులతో ముగియలేదు. ఆనాటి రైలు ప్రియులలో చాలమందికి డీజిలు ఇంజను కంటగింపుగా నుండెను. అది తమ ప్రియమైన ఆవిరిని చంపినదని వారు దాని మీద కెమేరా త్రిప్పుటకే ఇష్టపడలేదు. తరువాతి తరమువారికి ఆ తొలినాటి డీజిలు ఇంజనే మురిపెమయ్యెను. అప్పటికి అదియు కనుమరుగగుచుండెను. గూడ్సు బండి చివర గార్డు పెట్టె ఒకటి యుండెడిది. అమెరికాలో దానిని కబూస్ అందురు. అందులో పొయ్యి, మంచము, చుట్టును కనబడుటకు ఎత్తైన కిటికీలు. ఒక బల్ల మీద భోజనము, మరియొక బల్ల మీద లెక్కలు. పిల్లలు చేయి ఊపినచో అందులోని మనుష్యుడు చేయి ఊపెడివాడు. 1980లలో దానిని క్రమముగా తొలగించి, కడపటి పెట్టెకు మినుకు మినుకుమను చిన్న యంత్రమును తగిలించిరి. యంత్రము గాలి పీడనమును చక్కగా తెలుపును గాని చేయి ఊపదు. గార్డు పెట్టె ఎన్నటికిని ఉండుననుకొని దానిని ఫొటో తీయుట మానుకొన్నవారు తరువాత చింతించిరి. నేడు సామాన్యమని తోచునది రేపు దొరకదను ఎరుక కలిగిన నాటినుండి వారు ఏ బండిని తక్కువగా చూడరు.

మరియొక ఎరుక టెహాచపీ వలయము నడుమనున్న గుట్ట మీద కలదు. అక్కడ తెల్లని శిలువ ఒకటి నిలిచియున్నది. 1989 మే 12న ఆ కొండకు దక్షిణముననున్న కహోన్ కనుమ నుండి శాన్ బెర్నార్డినో పట్టణమునకు ఒక గూడ్సు బండి దిగుచుండెను. 69 పెట్టెలలో ట్రోనా అను ఖనిజము. కాగితము మీద వ్రాసిన బరువు అసలు బరువునకు చాల తక్కువ. అదికాక, కొన్ని ఇంజనులలో దిగుడున వేగము నరికట్టు విద్యుత్ బ్రేకులు పనిచేయలేదు. వాలున బండి పట్టుతప్పి, దిగువనున్న మలుపు వద్ద పట్టాలను విడిచి ఇండ్ల మీద పడెను. ఇద్దరు సదరన్ పసిఫిక్ ఉద్యోగులును, ఇంటనున్న ఇద్దరు పిల్లలును మరణించిరి. ఆ ఉద్యోగుల స్మృత్యర్థము నిలిపినదే ఈ శిలువ. బండి కొరకు కాచుకొనువాని కన్నుల యెదుట అది సదా కనబడుచునే యుండును. చూచుటకు వేడుకయైన ఆ బరువు మోయువారికి వేడుక కాదని అది జ్ఞాపకము చేయును.

అందువలన ఈ వ్యాసంగమునకు కట్టుబాట్లు కలవు. అమెరికాలో పట్టాలును, వాటి ప్రక్క నేలయు కంపెనీల సొత్తు. అనుమతి లేక అందు అడుగిడుట నేరము. వేగముగా వచ్చు నిండు గూడ్సు బండి డ్రైవరు అత్యవసరపు బ్రేకు వేసినను నిలుచుటకు మైలు దూరమును, అంతకు పైనను కావలసియుండును. మంచి ఫొటో కొరకు పట్టాల నడుమ నిలిచినవానిని చూచిన డ్రైవరు చేయగలిగినది ఈల వేయుట తప్ప మరియొకటి లేదు. తరువాత ఆ దృశ్యమును బ్రదికినంతకాలము మోయవలసినవాడును అతడే. గేట్ల వద్దను, పట్టాల మీదను ఇట్టి మరణములను తగ్గించుటకు 1972లో ఐడహో రాష్ట్రమున ఆపరేషన్ లైఫ్‌సేవర్ అను ప్రచారము మొదలై దేశమంతట వ్యాపించెను. అనుభవముగల రైలు ప్రియుడు సరిహద్దునకు ఇవతలనే నిలుచును. దూరమున నుండి తీసిన చిత్రమునందే బండియు, కొండయు, ఆకాశమును ఇముడునని అతనికి తెలియును.

మన దేశమునను ఈ వేడుక గలవారు లేకపోలేదు. 1989లో అమెరికాలోనున్న కొందరు భారతీయులు తమ దేశపు రైళ్ల మీది మక్కువతో ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్ అను మిత్రమండలిని ప్రారంభించిరి. పరాయి దేశపు పట్టాలను చూచినపుడు స్వదేశపు పట్టాలు జ్ఞప్తికి వచ్చుట సహజమే కదా! తెలుగునాట గూడ్సు బండిని చూడగోరువారికి టెహాచపీ వంటి కొండ లేకపోలేదు. విశాఖపట్టణమునకు సమీపమున కొత్తవలస నుండి ఛత్తీస్‌గఢ్ లోని కిరండూల్ వరకు తూర్పు కనుమలను దాటి పోవు మార్గము అట్టిది. బైలదిల్లా ఇనుప ఖనిజమును జపానునకు పంపుటకై 1960లో కుదిరిన ఒడంబడికకు ఫలముగా ఆ దశకమున ఈ మార్గము వెలసినది. బొర్రా గుహల మీదుగా, సొరంగము వెంట సొరంగముగా, అరకు ఎత్తులకు ఎక్కు ఈ మార్గమున ఖనిజపు బండ్లు నాటినుండి సముద్రమునకు దిగుచునే యున్నవి.

2017 నుండి అరకు పోవు బండికి అద్దపు కప్పు గల పెట్టె తగిలించుచున్నారు. యాత్రికులు అందులో కూర్చుండి లోయలను, జలపాతములను చూచి ఆనందింతురు. ఏదో స్టేషనులో ప్రక్క లైను మీద ఎర్రని ధూళి కప్పుకొన్న ఖనిజపు బండి ఒదిగి నిలిచియుండును. ఆ లోయలోనికి మార్గము వచ్చినది దాని కొరకే యని తలచువారు అరుదు. తల త్రిప్పి దాని పెట్టెలను లెక్కపెట్టువాడు ఆ పెట్టెలో ఒక్కడైనను ఉన్నచో, ఈ వ్యాసమున చెప్పిన కూటమిలో అతడును చేరినవాడే. అతడు మన దేశమున 1989 నాటి రైల్వే చట్టములోని 147వ సెక్షనును కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. అనుమతి లేక రైల్వే ఆవరణలో ప్రవేశించినవానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. గేటునకు ఇవతలి రోడ్డు, ఊరి చివరి గట్టు, దూరపు మిట్ట—చూచువానికి ఇవి చాలును.

నిజమునకు ఈ వేడుకకు కెమేరా కూడ అంతగా అవసరము లేదు. అది చేతిలో నున్నచో నిలుచుటకు ఒక నెపము దొరకును, అంతియే. పెద్దవారు పనిలేక నిలిచినచో లోకము నవ్వును; ఫొటో తీయుచున్నాడన్నచో ఊరకుండును. మరల ఎప్పుడైన రైల్వే గేటు పడినపుడు, వచ్చుచున్నది గూడ్సు బండియని తెలిసినపుడు, గడియారము చూచుకొనుట మాని ఒక్కసారి మొదటి పెట్టె నుండి లెక్క మొదలుపెట్టి చూడవచ్చును. నలుబదియారు, నలుబదియేడు... గేటు ఎట్లును బండి పోయిన పిమ్మటనే లేచును. అంతవరకు ఆ నాలుగు నిమిషములు ఎవరివి?